పువ్వు తెలియని జడ్జి కావలెను

పూల పోటీకి జడ్జిగా ఎవరిని పెట్టాలని నన్నడిగితే ఒకటే మాట చెబుతాను. పువ్వుకూ ఆకుకూ తేడా తెలిస్తే చాలు. అంతకు మించి ఒక్క ముక్క తెలిసినా ఆ మనిషిని గేటు దగ్గరే ఆపేయాలి!

నవ్వకండి. లెక్క చూసుకునే మాట్లాడుతున్నాను. తెలిసినవాడు జడ్జిగా వస్తే ఏం చేస్తాడు? కుండీ ముందు గొంతుక్కూర్చుంటాడు. ఆకు తిరగేసి పురుగుందేమో చూస్తాడు. మట్టిని వేళ్లతో నలిపి వాసన పీలుస్తాడు. "ఈ మొక్క మొన్ననే నర్సరీ నుంచి వచ్చినట్టుంది కదమ్మా?" అని నలుగురిలో అడుగుతాడు. ఎంత నష్టమో చూడండి! ఒక ఇంటి పరువు పోయింది, క్లబ్బుకు ఒక మెంబరు పోయింది, భోజనాల దగ్గర ఇద్దరు ఆడవాళ్లు ఎడమొహం పెడమొహం అయ్యారు. ఒక్కడికి జ్ఞానం ఉన్న పాపానికి ఇంతమందికి తిప్పలా?

అదే తెలియనివాడైతే ఎంత హాయి! నిలబడకుండా నడుస్తూ చూస్తాడు. ప్రతి కుండీ దగ్గరా "బహుత్ అచ్ఛా" అంటాడు. డేలియాను చూసి చేమంతి అన్నా ఎవరికీ కోపం రాదు, పెట్టినవాళ్లకు కూడా అదేమిటో తెలియదు గనక. గంటలో పని అయిపోతుంది. శాలువా కప్పుకుంటాడు, ఫొటో దిగుతాడు, వెళ్లిపోతాడు. సమాజానికి ఇంతకంటే తక్కువ ఖర్చులో దొరికే మనశ్శాంతి ఇంకేముంది?

సిద్దిపేటలోని మా పూలవనం గార్డెన్ క్లబ్బు ఈ సంగతిని మొదట్లోనే పసిగట్టింది. మొదటి ఏడాది కళ్ల డాక్టరును జడ్జిగా పిలిచారు. చూపు బాగుంటుందని. రెండో ఏడాది వచ్చిన బ్యాంకు మేనేజరు వాసన బాగుందంటూ కరివేపాకు మొక్కకు ఫస్ట్ ప్రైజు ఇచ్చేశాడు. ఒక్కరైనా తప్పు పట్టారా? చప్పట్లు కొట్టారు! పోయినేడాది మాత్రం మా క్లబ్బు అన్నివిధాలా తగిన మనిషిని పట్టింది. ఆయన బుచ్చయ్య సేటు.

పాత బస్టాండు వెనక బుచ్చయ్యకు పెద్ద దుకాణం ఉంది. కుండీలు, కొబ్బరి పొట్టు, ఎరువు సంచులు, మందు సీసాలు, వరసగా గులాబీ మొక్కలు. ఇరవై రెండేళ్లుగా విత్తనాల పాకెట్లు అమ్ముతున్నాడు, ఒక్క పాకెట్టూ చింపి చూసినవాడు కాదు. ఎవరైనా "సేటూ, ఇది ఎప్పుడు పూస్తుంది?" అంటే పాకెట్టు మీద బొమ్మ చూపిస్తాడు. "గట్ల పూస్తది" అంటాడు. ఎప్పుడన్న ప్రశ్నకు ఎట్ల అన్న జవాబు! వ్యాపారమంటే ఇది.

క్లబ్బు ప్రెసిడెంటు గజేందర్ జడ్జిగా ఉండమని అడిగినప్పుడు బుచ్చయ్య మొహమాటపడ్డాడు.

"నాకు పూల గురించి ఏం తెలుసు సారూ?"

"గందుకే పిలుస్తున్నం సేటూ. తెలిసినోడైతె కొట్లాట పెడతడు."

బుచ్చయ్య ఒప్పుకున్నాడు. శాలువా కోసం కాదు. ఆయన లెక్క వేరే ఉంది.

ఆ ఏడాది క్లబ్బు కొత్త బహుమతి ప్రకటించింది. చేమంతుల్లో ఫస్టు వచ్చినవాళ్లకు షీల్డు ఒక్కటే కాదు, కాలనీ పార్కు గేటు పక్కన క్లబ్బుకున్న చిన్న షెడ్డు ఏడాది పాటు ఉచితం. అందులో మొక్కలు అమ్ముకోవచ్చు. పార్కుకు పొద్దునా సాయంత్రం నడకకు వచ్చేవాళ్లంతా ఆ గేటు ముందు నుంచే పోవాలి. అంతకంటే మంచి జాగా సిద్దిపేట మొత్తంలో లేదని బుచ్చయ్యకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఆయన దుకాణానికి వచ్చే గిరాకీ ఇంటికి పోయే దారిలో ఆ గేటు ఉంది!

ఆ షెడ్డు ఎవరి చేతికి పోతే ఏమవుతుందో ఆయన ముందే బేరీజు వేసుకున్నాడు. ప్రెసిడెంటు భార్య సుమిత్రమ్మకు వస్తే రిబ్బను కత్తిరిస్తుంది, ఫొటో దిగుతుంది, తాళం వేస్తుంది. ఆయన వ్యాపారం ఎక్కడికీ పోదు. బ్యాంకులో పనిచేసే నవనీతకు వస్తే ఆమెకు తీరిక లేదు. తాళమే. అందరి దగ్గరా తాళమే.

ఒక్క కొండవ్వ దగ్గర తప్ప.

కొండవ్వ కొండపాక నుంచి పొద్దున మొదటి బస్సుకు వచ్చే మనిషి. కాలనీలో ఆరు ఇళ్లలో మొక్కలకు నీళ్లు పోయడం, పాదులు తవ్వడం, కొమ్మలు కత్తిరించడం ఆమె పని. సుమిత్రమ్మ ఇల్లు అందులో ఒకటి, నవనీత ఇల్లు మరొకటి. మోకాళ్ల నొప్పులు మొదలయ్యాయి. బిందె మోయడం ఇంకెంతకాలమో తెలియదు. ఒకచోట కూర్చుని మొక్కలు అమ్ముకుంటే బాగుంటుందని ఆమెకు ఆశ. ప్రవేశం అందరికీ అని బోర్డు మీద రాసి ఉంది కదా! పదిహేను కిలోల నూనె డబ్బా పై రేకు కత్తిరించి, అందులో పసుపు చేమంతి పెంచి, పోటీకి పట్టుకొచ్చింది.

ఇందులో ఆరు ఇళ్లవాళ్లకు వచ్చిన చిక్కు మీకు అర్థమైందా? కొండవ్వ గెలిస్తే షెడ్డులో కూర్చుంటుంది. షెడ్డులో కూర్చుంటే వాళ్ల మొక్కలకు నీళ్లెవరు పోస్తారు? కాబట్టి ఆమె ఓడిపోవాలని కోరుకోవడం వాళ్ల స్వార్థం కాదు, పచ్చదనం మీద ప్రేమ!

పోటీ రోజు ఫంక్షన్ హాలు నిండా కుండీలే. నూట యాభైకి తక్కువ లేవు. ముఖ్య అతిథి పదకొండుకు రావలసినవాడు ఒంటి గంటన్నరకు వచ్చాడు. పూలు అప్పటికే తలలు వేలాడేశాయి. అది కూడా లాభమే. అన్ని పూలూ ఒకే రకంగా వాడిపోతే జడ్జికి పక్షపాతం ఎక్కడిది?

దీపం వెలిగించే వేళకు ఒక కొత్త సమస్య వచ్చింది. వేదిక మీద వినాయకుడి పటం ఉంది, కుంకుమ ఉంది, కొబ్బరికాయ ఉంది. పటానికి పెట్టడానికి పువ్వు లేదు!

"పూలు ఎవరు తెస్తమన్నరు?" గజేందర్ మైకులోనే అడిగాడు.

"పూల పోటీ గద, పూలుంటయ్ అనుకున్నం" అంది సుమిత్రమ్మ.

నూట యాభై కుండీల నడుమ దేవుడికి ఒక్క పువ్వు కరువైంది. గజేందర్ అటూ ఇటూ చూశాడు. ఆయన ఎటు చూస్తే అటువైపు ఆడవాళ్లు తమ కుండీలకు కొంగులు అడ్డం పెట్టుకున్నారు. "మాది ఎర్రది సారూ, వినాయకునికి పసుపుదైతె మంచిగుంటది" అని ఒకామె. "మాదాంట్ల ఒక్కటే పూసింది" అని ఇంకొకామె. అప్పుడు కనబడింది నూనె డబ్బా. దాని దగ్గర ఎవరూ లేరు. కొండవ్వ బయట నల్లా దగ్గర ఉంది. ఎండకు వాడిన ఆరు ఇళ్ల కుండీల మీద చల్లడానికి బకెట్ నింపుతోంది.

గజేందర్ దానికున్న ఒక్క పువ్వునూ తెంపి పటానికి పెట్టాడు. దీపం వెలిగింది. చప్పట్లు.

బకెట్‌తో లోపలికి వచ్చిన కొండవ్వ ఖాళీ కాడను చూసింది, పటాన్ని చూసింది.

"పోనీ తియ్. దేవునికే గద" అనుకుంటూ సుమిత్రమ్మ కుండీ మీద నీళ్లు చల్లింది.

ఇక బుచ్చయ్య రంగంలోకి దిగాడు. మార్కుల కాగితం గజేందర్ తయారుచేసిందే. కుండీకి ముప్పై, అమరికకు ఇరవై, శుభ్రతకు ఇరవై, పేరు కార్డుకు పది, పువ్వుకు ఇరవై. చూశారా ఎంత న్యాయంగా ఉందో! పువ్వు నాలుగు రోజుల్లో రాలిపోతుంది, కుండీ పదేళ్లుంటుంది. ఎక్కువ కాలం ఉండేదానికే ఎక్కువ మార్కులు. పైగా కుండీల సంగతి బుచ్చయ్యకు కొట్టిన పిండి. సగానికి పైగా ఆయన దుకాణంలో కొన్నవే. సుమిత్రమ్మ తెల్ల పింగాణీ కుండీ ఆయన దుకాణంలో అన్నిటికంటే పై అరలో ఉండే సరుకు. ముప్పైకి ముప్పై వేశాడు.

నూనె డబ్బా ముందుకు వచ్చేసరికి కలం తేలికగా నడిచింది. కుండీ: సున్న. కార్డు: లేదు. పువ్వు: లేదు. ఆయన మనసుకు కూడా తేలికైంది. ఎవరికీ అన్యాయం చేయకుండానే షెడ్డు గండం గడిచింది. కాగితమే అన్నీ చూసుకుంది!

గజేందర్ మైకు పట్టుకుని "చేమంతుల విభాగంలో ప్రథమ బహుమతి" అన్నాడో లేదో వెనక నుంచి గొంతు వినబడింది.

"సేటూ, నా డబ్బకు ఎన్నొచ్చినయ్?"

హాలు తిరిగి చూసింది. కొండవ్వ తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ నిలబడి ఉంది.

"పువ్వు లేదు గదా కొండవ్వా. పువ్వు లేనిదానికి ఎట్ల వేస్త?" అన్నాడు బుచ్చయ్య.

"పువ్వెందుకు లేదు? గాడ దేవుని పటం మీదున్నది. పోయి జూడు."

ఎవరో నవ్వారు. ముఖ్య అతిథి కూడా నవ్వి, "అవును సేటూ, చూడండి, చూస్తే పోయేదేముంది?" అన్నాడు. ఆయనకు పెళ్లి భోజనానికి టైమవుతోంది, ఏదో ఒకటి తొందరగా తేలితే చాలు.

బుచ్చయ్య పటం దగ్గరకు వెళ్లాడు. వెళ్లకపోతే బాగుండేదని తరువాత చాలాసార్లు అనుకున్నాడు.

ఆ పువ్వు ఆయన అరచెయ్యంత ఉంది. గంటకు పైగా దీపం వేడి తగులుతున్నా రేకు వాలలేదు. రేకులు ఒకదాని మీద ఒకటి ఒత్తుగా, అంచులు లోపలికి తిరిగి, నడిమి వరకూ ఒక్క ఖాళీ లేకుండా అల్లుకుని ఉన్నాయి. ఇరవై రెండేళ్లుగా పాకెట్ల మీద తాను అమ్ముతున్న బొమ్మ ఇదేనని ఆయనకు తోచింది. బొమ్మ అబద్ధమని ఇన్నాళ్లూ అనుకున్నాడు. వెనక్కి తిరిగి సుమిత్రమ్మ చేమంతిని చూశాడు. అదీ మంచిదే. కానీ ఇది చూశాక అది చూడబుద్ధి కాలేదు.

గజేందర్‌కు ఆ చూపు నచ్చలేదు. మైకు సర్దుకున్నాడు.

"క్లబ్బుకు ఒక రూలున్నది. పూలమీద బతికేటోళ్లకు పోటీల ప్రవేశం లేదు. మనమంత సరదాగ పెంచుతున్నం. పొద్దుమాపు అదే పనిగ చేసేటోళ్లతోని మనకు పోటీ ఎట్ల కుదురుతది?"

ఎంత మంచి రూలు! ఈతరానివాళ్లకు ఈత పోటీ పెట్టినప్పుడు చేపను రానివ్వవచ్చా?

"నేను పూలమీద ఏడ బతుకుతున్న సారూ?" అంది కొండవ్వ. "మీ ఇండ్లల్ల నీళ్లు పోసి బతుకుతున్న. పూలమీద బతకాలనే గద గా షెడ్డు అడుగుతున్న."

"ఏదైనా చేతిపనే గద. పనోళ్లు పెంచింది పోటీకి రాదు."

"అంటె, నా చెయ్యి వడ్డది ఏదీ రాదు?"

"రాదు."

"అయితె సుమిత్రమ్మ కుండీ గూడ తీయున్రి మరి."

సుమిత్రమ్మ లేచింది.

"ఏందే, గట్లంటవ్? రోజూ నేను దగ్గరుండి చూసుకుంటలేనా?"

"జూస్తున్నవమ్మా, లేదంటలేను. గంత పెద్ద పువ్వు ఎట్లొచ్చిందో జెప్పు. ఎన్ని మొగ్గలు గిల్లినవ్?"

"మొగ్గలు గిల్లుతరా?" సుమిత్రమ్మ నిజంగానే బెదిరిపోయింది. "అయ్యో, పాపం గాదా?"

నవ్వులతో హాలు దద్దరిల్లింది. సుమిత్రమ్మ మొహం కందిపోయింది. కొండవ్వ మాత్రం నవ్వలేదు.

"పక్క మొగ్గలన్ని గిల్లితెనే నడిమిది పెద్దగైతది తల్లీ. నీ కుండీల పదకొండు గిల్లిన. ప్రతిసారి నువ్వు టీవీ జూస్తున్నవ్, ఎందుకు జెప్పాలె అని జెప్పలె."

అప్పుడు నవనీత లేచింది. తన కుండీ దగ్గరకు వెళ్లి పేరు కార్డు తీసి చేతిలో పట్టుకుంది. "నాది కూడ కొండవ్వ పెంచిందే సార్. నేను ఆఫీసుకు పోయేటప్పుడు చూస్త, వచ్చేటప్పుడు చూస్త. గంతే. లెక్కల నుంచి తీసేయున్రి." మిగతా నాలుగు ఇళ్లవాళ్లు పైకప్పు ఫ్యాన్లు చూస్తూ కూర్చున్నారు. ఆ ఫ్యాన్లు అంత అందంగా ఉన్నాయని ఆ రోజే తెలిసింది.

"టైమవుతుంది" అన్నాడు ముఖ్య అతిథి. "జడ్జిగారు ఏమంటే అదే."

అందరూ బుచ్చయ్య వైపు చూశారు. కొండవ్వ కూడా చూసింది. ఆమె చూపులో బతిమాలడం లేదు. నిన్ను అడిగాను, నువ్వు చూశావు, ఇక చెప్పు అన్నట్టుంది.

చదువరులారా, ఇక్కడే నా సిద్ధాంతానికి పెద్ద పరీక్ష వచ్చింది. ఆ పటం దగ్గరకు పోకముందు బుచ్చయ్య మచ్చలేని జడ్జి. ఏమీ తెలియదు. ఇప్పుడు ఆయనకు తెలిసిపోయింది! ఏ పువ్వు మంచిదో తెలిసింది, ఎవరు పెంచారో తెలిసింది, మొగ్గలు ఎందుకు గిల్లుతారో కూడా తెలిసింది. ఇంత జ్ఞానంతో ఒక మనిషి వేదిక మీద నిలబడటం ఎంత ప్రమాదం!

ఆయన చేతిలోని కాగితం చూసుకున్నాడు. పార్కు గేటు కళ్ల ముందు కనబడింది. షెడ్డు ముందు వరసగా అరచెయ్యంత చేమంతులు, వాటి చుట్టూ తన గిరాకీ. ఆ వెనక తన దుకాణంలో అమ్ముడుపోక ఎండుతున్న గులాబీలు.

"కాగితంల కొండవ్వ పువ్వు జాగ ఖాళీ ఉన్నది" అన్నాడు. కాగితం మడిచాడు. "మార్కులు వేసినప్పుడు ఏది ఏడ ఉన్నదో గదే లెక్క. ఫస్టు సుమిత్రమ్మగారికి."

చప్పట్లు మోగాయి. కొందరు ఏం జరిగిందో అర్థంకాక కొట్టారు, కొందరు అర్థమయ్యే కొట్టారు.

కొండవ్వ డబ్బాను నడుముకు ఎత్తుకుంది. నవనీత పటం మీది పువ్వు తీసి ఆమె చేతిలో పెట్టబోయింది.

"ఉండనీ బిడ్డా. ఇచ్చింది మళ్ల తీస్కుంటరా?" అని బస్సుకు పోయింది.

మరునాడు ఆరు ఇళ్లకూ ఆమె రాలేదు. ఆ మరునాడూ రాలేదు. మిరుదొడ్డి వైపు ఒక నర్సరీలో అంటు కట్టే కూలికి పోతోందని నవనీత కనుక్కుని చెప్పింది. ఎండలో, వంగి చేసే పని. ఆ మోకాళ్లతోనే.

ఇక లాభాల లెక్క చూడండి! షెడ్డుకు సుమిత్రమ్మ రిబ్బను కత్తిరించింది. ఫొటో దిగింది. తాళం వేసింది. ఇప్పటికీ చెక్కు చెదరకుండా ఉంది, వాడితే పాడయ్యేది. కాలనీలో చేమంతులు నెల తిరగకుండా ఎండిపోయాయి. ఆడవాళ్లంతా బుచ్చయ్య దుకాణానికి వచ్చారు. ఆకు పసుపు పడితే ఒక సీసా, నల్లబడితే ఒక సీసా, రాలితే ఇంకో సీసా. "దీనికి నీళ్లు ఎన్ని రోజులకోసారి పొయ్యాలె సేటూ?" అని అడిగితే సీసా మీద ముద్రించిన అక్షరాలు చూపించేవాడు. ఒక్క తెలియని జడ్జి వల్ల ఇంత వ్యాపారం! కానీ ఒకటి జరిగింది. విత్తనాల పాకెట్టు మీద చేమంతి బొమ్మ ఉన్న పెట్టెను మాత్రం ఆయన ముందు అర నుంచి తీసి వెనక్కి మార్చాడు. ఎందుకని గుమాస్తా అడిగితే జాగ సరిపోవడం లేదన్నాడు. ముందు అర ఇప్పటికీ ఖాళీగానే ఉంది.

మళ్లీ ఏడాది తిరిగింది. మొన్న గజేందర్ ఆహ్వాన పత్రిక పట్టుకుని దుకాణానికి వచ్చాడు. ఈసారి దరఖాస్తు మీద కొత్తగా ఒక వాక్యం ఉంది. 'ఈ మొక్కను నేనే స్వయంగా పెంచానని ఇందుమూలంగా ధ్రువీకరిస్తున్నాను.' కింద సంతకం. ఇప్పటికే తొంభై మంది సంతకం పెట్టారట.

బుచ్చయ్య పత్రిక ముట్టుకోలేదు.

"ఈసారి వేరేటోళ్లను చూసుకోన్రి సారూ. మీకు పూలు తెలియనోడు గావాలె గద. నాకు ఇప్పుడు కొద్దిగ తెలుస్తుంది."

గజేందర్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. చాయ్ తెప్పించుకున్నాడు. ఏదో చిన్న పిల్లవాడికి లెక్క నేర్పినట్టు నెమ్మదిగా చెప్పాడు.

"సేటూ, తెలియనోళ్లు ఊరంత ఉన్నరు. వాళ్లతోని భయం ఏందంటె, ఎప్పుడో ఒకనాడు వాళ్లకు తెలుస్తది. తెలిసిన రోజు ఏం జేస్తరో మనకు తెల్వది. నీకు పోయినేడు నిండు హాల్ల, మైకు ముంగట తెలిసె. తెలిసినంక గూడ నువ్వు ఇచ్చినవ్ గద! నీ అసుంటి జడ్జి మాకు మళ్ల యాడ దొరుకుతడు?"